సిరిపురం ఎక్కుడు, మామగారి రిక్షా, మీ పిండి డబ్బాలు

ఈ వారం ఉత్తరం విశాఖపట్నంలోని ఎం.వి.పి. కాలనీ నుంచి వచ్చింది. రాసినవారికి 43 ఏళ్లు. పేరు, సెక్టారు నంబరు బయటపెట్టవద్దని కోరారు కనుక గుర్తుపట్టే వివరాలు తీసివేసి, మిగిలిన విషయాన్ని ఆమె చెప్పిన వరుసలోనే క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె తొమ్మిదేళ్లుగా ఇంట్లోనే ఇడ్లీ, దోసె పిండి రుబ్బి అమ్ముతున్నారు. రోజూ తెల్లవారాక అరవై ఇళ్లకు కిలో ప్యాకెట్లు, రైతు బజారు దగ్గరి ఒక టిఫిన్ సెంటరుకు 20 కిలోలు, సిరిపురంలోని మరో టిఫిన్ సెంటరుకు 20 కిలోలు వెళ్తాయి. మొత్తం నూరు కిలోల పిండి. ఇన్నాళ్లుగా దీన్ని ఆమె మరిది తన ట్రాలీ ఆటోలో చేరవేస్తున్నారు; అందుకు రోజుకు 350 రూపాయలు ఇస్తున్నారు. నెలకు రెండుసార్లు పూర్ణా మార్కెట్ నుంచి బియ్యం, మినప్పప్పు బస్తాలు తెచ్చేది కూడా ఆ ఆటోయే. వేరే బాడుగ తగిలిన రోజున ఆటో ఎనిమిది దాటితే గాని రాదు. ఎండాకాలంలో ఆ గంటన్నర ఆలస్యానికే ప్యాకెట్లు ఉబ్బిపోయి, పిండి పులిసిందని ఇళ్లవాళ్లు తిప్పి పంపిన రోజులున్నాయి.

డిగ్రీ ముగించి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న కొడుకు ఒక ఉపాయం చెప్పాడు. ముందు భాగంలో పెద్ద పెట్టె, తొక్కుడుకు తోడుగా చిన్న మోటారు ఉన్న కార్గో సైకిల్ కొందామన్నాడు. ఒక దుకాణంలో 95,000 రూపాయలు చెప్పారు. చిట్టీ డబ్బు 1,10,000 ఈమధ్యే చేతికి వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట వినగానే ఆమె భర్త కంచం ముందు నుంచి లేచిపోయారు. "మా నాన్న ముప్పై ఏళ్లు రిక్షా తొక్కి తొక్కి పోయాడు. ఆ ఇంటి గుమ్మంలో మళ్లీ మూడు చక్రాల బండి నిలబడితే నేను చూడలేను" అన్నారు. ఆమె మామగారు రైల్వే స్టేషను దగ్గర అద్దె రిక్షా తొక్కేవారు. వాల్తేరు వైపు బేరం వచ్చిన రోజున, బడి లేకపోతే కొడుకు వెంట వెళ్లి, ఎత్తు వచ్చిన ప్రతిచోటా వెనక నుంచి తోసేవాడట. ఆ కొడుకే ఈమె భర్త. ఇంట్లో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. వచ్చేవాళ్లు గుమ్మంలో ఆ బండిని చూసి ఏమనుకుంటారోనన్న భయం కూడా ఉంది.

"ఆయన మాట వినాలా, అబ్బాయి మాట వినాలా?" అన్నది ఆమె ప్రశ్న. సంతకం చేశాక, కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఇంకో మూడు వాక్యాలున్నాయి: "భీమిలి దగ్గర మా ఊళ్లో పదో తరగతి దాకా నాన్న సైకిల్ మీద పాల క్యాను కట్టుకుని కేంద్రానికి వెళ్లేదాన్ని. బాబు ఫొటో చూపించినప్పుడు దాన్ని నేనే తొక్కుతున్నట్టు అనిపించింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

అమ్మా,

ముందుగా మీవారి మాట గురించి. మీ ఉత్తరమంతటిలోనూ ఎక్కువ నొప్పి ఉన్నది అక్కడే. దాన్ని మీరు ఒకచోట 'పాతకాలపు పట్టింపు' అని రాశారు. మీ అబ్బాయి కూడా అలాగే అనుకుంటున్నట్టుంది. నాకు అలా తోచలేదు. రిక్షా వెనక రెండు చేతులూ ఆన్చి, తండ్రి చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోవడం చూస్తూ తోసిన పిల్లవాడు పెద్దవాడై, తన కొడుకు కూడా పెడళ్ల మీదికి ఎక్కుతానంటే కంచం ముందు నుంచి లేచిపోవడంలో ఆశ్చర్యం లేదు. దానికి మీ అబ్బాయి చూపించే కోపన్‌హాగన్ సైకిళ్ల ఫొటోలు సమాధానం కాలేవు. ఆయన దుఃఖానికి జవాబు చెప్పవలసిన అవసరం మీకు లేదు. దాన్ని ఒకసారి పూర్తిగా వినవలసిన అవసరం మాత్రం ఉంది.

విన్నప్పుడు మీకే తెలుస్తుంది, మీ మామగారిని అరగదీసినవి ఏవో. ఆ బండికి గేర్లు లేవు, బ్రేకు అంతంతమాత్రం. పైగా అది అద్దె బండి: బేరం దొరికినా దొరకకపోయినా సాయంత్రానికి యజమానికి అద్దె కట్టి తీరాలి. ఎక్కినవాళ్లు ఎక్కడికంటే అక్కడికి, ఎంత ఎత్తయినా, ఏ ఎండలోనైనా వెళ్లాలి. మీ విషయంలో బండి మీది, సరుకు మీది, దారి మీరు ఎంచుకున్నది, పని పొద్దున రెండు గంటలసేపే. ఈ తేడా నిజమైనదే. కానీ దీన్ని మీ అబ్బాయి నోట వాదనగా వినిపించకండి. తండ్రి కష్టాన్ని కొడుకు కళ్లతో చూసిన మనిషికి, ఆ తేడా మనుమడు నేర్పితే అవమానంగా ఉంటుంది. ఒక చిన్న పొరపాటు మాత్రం ముందే సరిదిద్దండి. ఆయన మూడు చక్రాల బండి అనుకుంటున్నారు. మీ అబ్బాయి చూపించినది, మీరు రాసినదాన్నిబట్టి, రెండు చక్రాలది. ఆయన కళ్ల ముందు నిలబడిన బండి, మీరు కొనాలనుకుంటున్న బండి ఒకటి కావు.

ఆయన మాటలో దుఃఖంతో పాటు అక్షరాలా నిజమైన సంగతి మరొకటి ఉంది: ఈ ఊరు ఎత్తుపల్లాల ఊరు. మీ అబ్బాయి చెప్పే కోపన్‌హాగన్, ఆమ్‌స్టర్‌డామ్ దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. డెన్మార్కులో ముందు పెట్టె ఉన్న పొడుగాటి సైకిళ్లు 1920లనాటికే వచ్చాయంటే, మోటారు లేకుండానే దుకాణాలవాళ్లు వాటి మీద సరుకులు చేరవేశారంటే, అక్కడి నేల అందుకు అనుకూలించింది. మనం బీచ్ రోడ్డు నుంచి సిరిపురం వైపు ఎక్కే కొన్ని దారులకు 'డౌన్' అనే పేరు పెట్టుకున్నాం. పాండురంగాపురం డౌన్ అంటే తెలియనివారు లేరు. దిగేవాడికే అది డౌన్. సరుకుతో ఎక్కేవాడికి అది ఊపిరి తీసే దారి.

ఎంత తీస్తుందో ఒక లెక్క చెబుతాను; ఇందులో మీ సమస్య సగం విడిపోతుంది. మీరు 60 కిలోలు, బండి 35 కిలోలు, సరుకు 80 కిలోలు అనుకుందాం. మొత్తం 175. చదును రోడ్డు మీద గంటకు పది కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి కాళ్లు ఇవ్వవలసిన శక్తి సుమారు 65 నుంచి 70 వాట్లు. ఆరోగ్యంగా ఉన్న సాధారణ మనిషి ఆగకుండా చాలాసేపు ఇవ్వగలిగినది దాదాపు అంతే. అదే బరువుతో నూరు మీటర్ల దూరానికి ఐదు మీటర్లు లేచే ఎత్తును గంటకు ఆరు కిలోమీటర్ల నెమ్మది వేగంతో ఎక్కాలన్నా 175 వాట్ల దాకా కావాలి. అది రెండున్నర రెట్లు. మీ మామగారి బండిలో ఇద్దరు మనుషులు, వారి పెట్టెలు ఉంటే ఎంత ఉండేదో మీరే ఊహించండి. మీవారు వెనక నుంచి తోసింది ఈ తేడానే.

ఇప్పుడు మీ సరుకు ఎక్కడికి వెళ్తోందో చూడండి. అరవై ఇళ్లూ ఎం.వి.పి. సెక్టార్లలోనే ఉన్నాయని రాశారు. రైతు బజారు దగ్గరి టిఫిన్ సెంటరు కూడా అక్కడే. అక్కడక్కడ చిన్న ఎత్తులున్నా, మొత్తం మీద అది తొక్కగలిగిన నేల. ఎత్తు ఎక్కవలసినది సిరిపురం సరుకు ఒక్కటే, అంటే నూరు కిలోలలో 20 కిలోలు మాత్రమే. మీ ఇంట్లో గొడవంతా ఆ ఇరవై కిలోల ఎత్తు చుట్టూ తిరుగుతోంది. మిగిలిన ఎనభై కిలోలకు చెప్పుకోదగ్గ ఎత్తే లేదు. సిరిపురం సంగతి పక్కన పెట్టి చూస్తే మోటారు తప్పనిసరి కాదు, 95,000 తప్పనిసరి కాదు, తొందర అంతకన్నా లేదు.

కార్గో సైకిల్ అనగానే కొత్త వస్తువు అనుకోనక్కరలేదు. చక్రానికి రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని పాలు పోసినవాళ్లు, గ్యాసు బండలు నాలుగేసి వేలాడదీసుకుని ఇంటింటికీ తిరిగినవాళ్లు మన వీధుల్లో తొక్కింది కార్గో సైకిలే. ఇంటి గ్యాసు బండలో ఉండే గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే బండ ముప్పై కిలోలకు దగ్గర. నాలుగు బండలంటే నూట ఇరవై కిలోలు, మీ పిండి మొత్తం కన్నా ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన తరువాతి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయి, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన ఆ రోజుల్లో మా వీధికి పాలు సైకిల్ మీదే వచ్చాయి. పడిన చెట్టు దగ్గర ఆ పాలబ్బాయి క్యాన్లు దించి, సైకిల్ ఎత్తి అవతల పెట్టి, మళ్లీ క్యాన్లు తగిలించుకోవడం నేను గుమ్మంలో నిలబడి చూశాను.

అందుచేత మీరు ఆలోచించవలసిన మొదటి దారి అన్నిటికన్నా చవకైనది. బరువులు మోసే గట్టి డబుల్ బార్ సైకిల్ ఒకటి తీసుకుని, వెనక క్యారియర్‌ను వెల్డింగ్ దుకాణంలో బలపరిపించి, రెండు వైపులా క్యాన్లు తగిలించే కొక్కేలు పెట్టించుకోవచ్చు. దీని మీద ఒక్కో విడతకు నలభై కిలోలు హాయిగా వెళ్తాయి. సెక్టార్లను రెండు ముక్కలు చేసుకుని రెండు విడతలు తిరిగితే ఇళ్లన్నీ, రైతు బజారూ పూర్తవుతాయి. మీ వీధి మెకానిక్ దీన్ని బాగుచేయగలడు. దీని ఇబ్బంది ఏమిటంటే, బరువు ఎత్తులో ఉంటుంది కనుక నిలబెట్టినప్పుడు ఒరిగిపోయే భయం ఎక్కువ. రెండు కాళ్ల గట్టి స్టాండు లేకుండా దీన్ని తలపెట్టవద్దు. మధ్య కడ్డీ ఉన్న సైకిల్ మీకు ఎక్కి దిగడానికి అనువుగా ఉండదన్నది మరో సంగతి. కడ్డీ లేని చట్రాన్ని బలపరిపించుకోవలసి వస్తుంది.

మూడు చక్రాల బండి ఎక్కువ మోస్తుంది, నిలబెడితే పడదు. అయినా మీకు దాన్ని సిఫారసు చేయలేను, మీవారి కోసం మాత్రమే కాదు. రెండు చక్రాల సైకిల్ మలుపులో తనంతట తాను లోపలికి వాలుతుంది. మూడు చక్రాలది వాలదు, అందుచేత కొంచెం వేగంగా తిరిగితే లోపలి చక్రం లేచిపోతుంది. రోడ్డు పక్కకు వాలి ఉన్నచోట అదే ఇబ్బంది. సందుల్లో ఎదురుగా కారు వస్తే పక్కకు ఒదగడానికి చోటుండదు. చదునైన మార్కెట్ వీధుల్లో నెమ్మదిగా బస్తాలు లాగడానికి అది మంచి బండే. మీ సెక్టార్ల మలుపులకు, మీ తొందరకు సరిపడదు.

మీ అబ్బాయి చూపించిన రకం, అంటే హ్యాండిల్‌కు, ముందు చక్రానికి మధ్య నేలకు దగ్గరగా పెట్టె ఉన్న సైకిల్, మీ సరుకుకు నిజంగా బాగా అమరుతుంది. పిండి ద్రవం లాంటి సరుకు; సగం నిండిన డబ్బాలో అది అటూ ఇటూ ఊగితే సైకిల్ కూడా ఊగుతుంది. బరువు ఎంత కిందికి ఉంటే ఊపు అంత తక్కువగా తెలుస్తుంది. డబ్బాలో పిండి పొంగడానికి చోటు విడవాలి, అదే చోటులో అది ఊగుతుంది కూడా. కనుక పెద్ద డబ్బా ఒకటి పెట్టేకన్నా ఐదు కిలోల డబ్బాలు నాలుగు, మూతలు బిగించి, మధ్యలో గోనె గుడ్డలు కుక్కి పెట్టుకోవడం మేలు. పెట్టె లోపల థర్మకోల్ పరిస్తే ఎండ కూడా కొంత ఆగుతుంది. అయితే ఈ సైకిల్ పొడుగు ఎక్కువ, ముందు చక్రం మీ చేతులకు చాలా దూరంలో ఉంటుంది. మొదటి వారం అది మన మాట విననట్టే అనిపిస్తుంది. రాత్రి ఎక్కడ పెడతారన్నది కూడా ముందే చూసుకోవాలి. మీరు పై అంతస్తులో ఉంటే కింద తాళం వేసే చోటు కావాలి.

మోటారు విషయంలో మీ అబ్బాయి 'వెయ్యి వాట్లది బిగిస్తే సిరిపురం ఎగిరి ఎక్కుతుంది' అన్నాడని రాశారు. ఆ ఆలోచన మాన్పించండి. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకుండా ఉన్న సైకిల్‌కు రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. ఆ హద్దు దాటితే అది మోటారు వాహనం. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా అన్నీ కావాలి. అవి లేకుండా ఎవరినైనా గుద్దితే, మీరు తొమ్మిదేళ్లుగా కూడబెట్టినది ఒక్క రోజులో పోతుంది. ఇంతకుముందు చెప్పిన లెక్క చూస్తే, మీ కాళ్లకు తోడుగా 250 వాట్లు ఉంటే ఆ ఎత్తుకు చాలు కూడా. కొనేటప్పుడు మోటారు ఎక్కడ ఉందో చూడండి. చక్రం మధ్యలో ఉన్న మోటారు చవక, కానీ బరువుతో నెమ్మదిగా ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంది. పెడళ్ల దగ్గర ఉన్నది గొలుసు ద్వారా గేర్లను వాడుకుంటుంది కనుక ఎత్తులకు మేలు. ధర ఎక్కువ, గొలుసు త్వరగా అరుగుతుంది. మీ 95,000 బండిలో ఏది ఉందో దుకాణంలో అడిగి తెలుసుకునే వరకు బయానా ఇవ్వవద్దు. బ్యాటరీ జీవితం ఎంత, కొత్తది ఎంత అవుతుంది, ఊళ్లోనే బాగుచేసేవారు ఉన్నారా అని కూడా అడిగి, ఆ సమాధానాలు కాగితం మీద రాయించుకోండి.

ఎక్కడం గురించే అందరూ మాట్లాడతారు. నాకు భయం దిగడం గురించి. 175 కిలోలు డౌన్‌లో వేగం అందుకుంటే ఆపడం మామూలు సైకిల్‌ను ఆపినట్టు ఉండదు. వేగం రెట్టింపైతే బ్రేకులు అణచవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. వాన రోజున చక్రం అంచును నొక్కే రబ్బరు బ్రేకులు తడిసి జారతాయి. అందుకని డిస్క్ బ్రేకులు, లేదా కనీసం చక్రం మధ్యలో మూసి ఉండే డ్రమ్ బ్రేకులు ఉన్న బండినే తీసుకోండి. దిగడం మొదలుపెట్టక ముందే వేగం తగ్గించుకోవాలి, మధ్యలో కాదు. జాతీయ రహదారిని మీ దారిలోకి రానివ్వకండి. ఇసుకతోట, వెంకోజీపాలెం కూడళ్లలో లారీల మధ్య పొడుగాటి సైకిల్‌తో నిలబడవలసిన పని మీ అరవై ఇళ్లలో ఏ ఒక్కదానికీ లేదు. అలాంటి ఇల్లు ఎప్పుడైనా వస్తే దాన్ని వదులుకోండి.

సముద్రపు గాలి సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. మీ కిటికీ ఊచలు చూసుకుంటే చాలు. వారానికోసారి మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టి గొలుసుకు నూనె వేయకపోతే ఏడాదికే చక్రాల పుల్లలు తుప్పుపట్టి, బరువు మీద ఒక్కొక్కటే తెగుతాయి.

ఇక డబ్బు. రోజుకు 350 చొప్పున నెలకు 10,500; 95,000 తొమ్మిది నెలల్లో తీరిపోతుందని మీ అబ్బాయి లెక్క వేశాడు. కూడిక సరిగానే ఉంది, లెక్క సరిగా లేదు. పూర్ణా మార్కెట్ బస్తాలకు ఆటో ఎలాగూ కావాలి. టైర్లు, బ్రేకులు, కొన్నేళ్లకు బ్యాటరీ ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది, తొక్కే మనిషి రెండు గంటలు. వాటికి ఆ లెక్కలో ఒక్క రూపాయి కూడా లేదు. మీ ఇంట్లో ఇంతవరకు ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉంది: ఆ 10,500 మీ మరిది కుటుంబానికి నెలనెలా వెళ్తున్న ఆదాయం. మీరు ఆటో మరిదిదని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మీవారు అది కూడా ఆలోచిస్తూ ఉండవచ్చు. తమ్ముడి బాడుగ పోతుందని నోరు తెరిచి అనలేక తండ్రి రిక్షా దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు. ఇది నా ఊహే, తప్పు కావచ్చు. అయినా మీ మరిదికి ఈ సంగతి సైకిల్ గుమ్మంలోకి వచ్చాక కాక, ముందే, మీ నోటితోనే తెలియాలి. బస్తాలు, సిరిపురం డబ్బాలు ఆయనకే ఉంచి, వాటికి వేళ కచ్చితంగా మాట్లాడుకోవచ్చు. సిరిపురానికి ఆరున్నరకే వెళ్లాలన్న నిబంధన లేకపోతే ఆయన తన బేరాల మధ్యలో ఎప్పుడైనా దించగలరు. అప్పుడు ఆయన ఆదాయం తగ్గుతుంది, తెగిపోదు. మీకు మిగిలేది కూడా పూర్తి 10,500 ఉండదు, ఆరో ఏడో వేలు ఉండవచ్చు. మొత్తం ఆటో మానేస్తే డబ్బు ఎక్కువ మిగులుతుంది. కానీ వాన ముసురు పట్టిన రోజున, జ్వరం వచ్చిన రోజున పిలవడానికి మనిషి ఉండరు, పండుగనాడు ఆ ఇంటి గడప తొక్కడం కూడా కష్టమవుతుంది. ఏది భరించగలరో మీరే చూసుకోవాలి. సిరిపురం టిఫిన్ సెంటరువారిని కిలోకు రెండు రూపాయలు తగ్గించి, వచ్చి తీసుకువెళ్తారేమో అడిగి చూడడం కూడా ఒక దారే. కాదంటే పోయేదేమీ లేదు.

మీ అబ్బాయి సంగతి త్వరగా ముగిస్తాను. మంచి పిల్లవాడు, తల్లి పని చూసి ఆలోచించాడు. కానీ బ్యాంకు పరీక్ష గట్టెక్కిన రోజున అతని ఉద్యోగం ఏ జిల్లాలో పడుతుందో తెలియదు. అతని కాళ్లను నమ్ముకుని బండి కొంటే, అతను వెళ్లిన మర్నాటి నుంచి దాన్ని ఎవరు తొక్కుతారు?

ఉత్తరం అడుగున మీరు రాసిన మూడు వాక్యాలు దానికి జవాబులా ఉన్నాయి. పైన మూడు పేజీల్లో మీరు భర్త ఏమన్నారో రాశారు, కొడుకు ఏమన్నాడో రాశారు, సంబంధాలవాళ్లు ఏమంటారో రాశారు. మీకేం కావాలో సంతకం కిందికి పోయింది. నా దృష్టిలో ఈ ఉత్తరానికి అసలు మొదలు అక్కడే. మీ వ్యాపారం మీది, ఇళ్లవాళ్లకు తెలిసిన ముఖం మీది, పాల క్యానుతో సైకిల్ తొక్కిన అలవాటు ఈ ఇంట్లో మీ ఒక్కరికే ఉంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోటై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాదిమంది పల్లెటూరి స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. మొదట్లో నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్లు మాత్రం నీళ్ల బిందెలు, పంట, పిల్లలు అన్నిటినీ సైకిల్ మీదే తీసుకువెళ్లడం మానలేదు. అంత దూరం ఎందుకు, పెద జాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని మీ వీధిలోకి చేపలు తెచ్చే అమ్మను చూసి ఎవరైనా పరువు తక్కువ అనుకుంటున్నారా? తాజా చేప ఏదని అడుగుతున్నారు.

ఇంతమాత్రాన మీరు తొక్కి తీరాలని నేను చెప్పడం లేదు. 43 ఏళ్లకు మోకాళ్లు ఎలా ఉన్నాయో, తెల్లవారుజామున మూడింటికి లేచి రుబ్బిన ఒంటికి ఇంకో రెండు గంటల ఓపిక ఉందో లేదో మీకే తెలుసు. ఓపిక లేకపోతే పొరుగు కుర్రవాడిని నెల జీతానికి పెట్టుకోవచ్చు. అప్పుడు మిగులు తగ్గుతుంది, పైగా మీ మామగారిలా మరొకరి బిడ్డ మీ సరుకు తొక్కుతాడు కనుక అతనికి బరువు హద్దు, సెలవు, వానకోటు మీరే చూడాలి. లేదా ఆటోనే ఉంచి, ఆరున్నరకల్లా రాకపోతే ఆ రోజు బాడుగ సగమేనని మరిదితో మాట్లాడుకోవచ్చు. మీ అసలు నష్టం ఆలస్యం వల్లనే కనుక అది కూడా తీసిపారేయదగిన దారి కాదు. మీరే తొక్కదలచుకుంటే గొలుసుకు పూర్తి కవచం, చక్రానికి చీర, చున్నీ చిక్కుకోకుండా జాలీ తప్పనిసరి. మొదట ఖాళీ డబ్బాలతో, తరువాత నీళ్లు నింపిన డబ్బాలతో సాధన చేయాలి. పిండి ఎలా ఊగుతుందో నీళ్లు ఇంకాస్త ఎక్కువగా చూపిస్తాయి, ఒలికినా నష్టం లేదు.

అమ్మాయి సంబంధం గురించి నా ధైర్యం మీకు పనికిరాదు. చూడవచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. గ్రైండర్ల చప్పుడు, గుమ్మంలో పిండి డబ్బాలు వాళ్లకు ఎలాగూ కనిపిస్తాయి. వాటిని చూసి మొహం తిప్పుకోనివాళ్లు సైకిల్ చూసి తిప్పుకుంటారా? ఈ ప్రశ్న ముందుగా మీ అమ్మాయినే అడగండి. ఉత్తరంలో ఆమె అభిప్రాయం ఎక్కడా లేదు.

కొనాలా వద్దా అన్నది ఈ నెలలో తేల్చవద్దు. చిట్టీ డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి. తెలిసినవారి సైకిల్ ఒకటి అడిగి తెచ్చుకుని, వెనక పది కిలోల బియ్యం సంచులు రెండు గట్టిగా కట్టి, ఒక ఆదివారం వెలుగు వచ్చాక మీ అరవై ఇళ్ల దారి అంతా తిరిగి రండి. ఎక్కడ ఊపిరి అందలేదు, ఎక్కడ కుక్కలు వెంటపడ్డాయి, ఏ మలుపులో కారు కనిపించలేదు, ఏ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, ఎంతసేపు పట్టింది, ఇవన్నీ రాసుకోండి. వీలైతే ఆ దారి గీసేటప్పుడు మీవారిని కూర్చోబెట్టుకోండి. ఈ ఊళ్లో ఏ రోడ్డు ఎక్కడ లేస్తుందో, ఏ సందులోంచి వెళ్తే ఎత్తు తప్పుతుందో మీ ఇంట్లో అందరికన్నా ఆయన చేతులకే ఎక్కువ తెలుసు. అనుమతి అడగకండి, వాళ్ల నాన్న బేరం మీద వాల్తేరు ఏ దారిన ఎక్కేవారో, ఎక్కడ దిగి తోసేవారో అడగండి. ఆయన చెబితే వినండి. చెప్పకుండా లేచి వెళ్లిపోతే ఆ రోజుకు అక్కడితో ఆపండి, మళ్లీ ఇంకో ఆదివారం ఉంటుంది.

తిరిగి వచ్చాక ఏ వీధిలో దిగి తోయవలసి వచ్చిందో నాకు రాయండి. మోటారు కావాలా, కొక్కేల సైకిల్ చాలా అన్నది ఆ వీధి పేరు చూసి మాట్లాడుకుందాం.